మంచం పక్కన చేసే పని

మానసిక వైద్య విభాగంలో పొద్దున డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఒకరికొకరు అప్పజెప్పుకునే మాటలు ఎప్పుడైనా విన్నారా? ‘‘మూడో బెడ్ ఆయన రాత్రి మూడున్నరకే లేచి కూర్చున్నారు. నిన్న రాత్రి ఒక ఇడ్లీ తిన్నారంతే. నీళ్లు సరిగా తాగడం లేదు. రెండు రోజులనుంచి మోషన్ లేదు. మాత్ర మింగారు, నోరు చూశాను. సాయంత్రం వాళ్ల బావమరిది వచ్చి వెళ్లాక మాట్లాడటం మానేశారు.’’ కొత్తవాళ్లకు ఇది విచిత్రంగా ఉంటుంది. మనసుకు వైద్యం చేసేచోట మనసు ఊసే రాదేమిటా అనుకుంటారు. కానీ డిప్రెషన్ మనకు కనబడేది నిద్రలో, తిండిలో, నీళ్లలో, విరేచనంలో, మాత్రలో, వచ్చిపోయే మనుషుల దగ్గర. చూసుకునేవాళ్ల చేతికి అందేదీ ఇవే. లోపలి దిగులును చేత్తో తీసి పారేయడం ఎవరివల్లా కాదు.

ఎర్రగడ్డ, విశాఖపట్నంలాంటి చోట్ల మానసిక వైద్యానికి పెద్దాసుపత్రులు ఉన్నమాట నిజమే. కానీ డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది వార్డు ముఖం చూడరు. ఓపీలో చూపించుకుని, మాత్రల కవరుతో బస్సెక్కి ఇంటికొస్తారు. ఆ క్షణం నుంచి నర్సు మీరే. భార్యో, కొడుకో, కోడలో, అక్కో, ఎవరు దగ్గరుంటే వాళ్లు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. అంటే ఈ నర్సు పని మీ వీధిలో ఇంకో ఇంట్లో కూడా ఎవరో చేస్తూనే ఉండి ఉంటారు, బయటికి చెప్పరంతే.

జబ్బు నిర్ధారణ గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టరు పని. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోవడం ముఖ్యమైన గుర్తులు. మనవాళ్లు దిగులని చెప్పరు. ‘నరాల వీక్‌నెస్’ అంటారు, తల బరువంటారు, గ్యాస్ అంటారు, ఒళ్లంతా లాగేస్తోందంటారు. ఆ మాటల్ని తీసిపారేయకండి, వాళ్లకు నిజంగానే అలా ఉంటుంది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా ఇలాంటి నీరసమే వస్తుంది కాబట్టి డాక్టరు రక్తపరీక్షలు రాస్తే విసుక్కోవద్దు. కొన్నిచోట్ల పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. గడిచిన రెండు వారాల సంగతే అడుగుతుంది. దాన్ని రోగి చేతే నింపించండి. పక్కన కూర్చుని ‘‘అంత లేదులెండి’’ అని మీరు సర్దిచెప్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ముందుగా ఒక నోటుబుక్కు కొనండి. రోజుకు నాలుగు గీతలు చాలు: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, మాత్ర వేసుకున్నారా. విరేచనం అయిందో లేదో రాయండి. వారానికోసారి ఒకే తక్కెడ మీద బరువు చూసి రాయండి. ఆ రోజు ఎవరైనా వచ్చారా, ఏదైనా గొడవ జరిగిందా, ఫోనొచ్చిందా అన్నది ఒక ముక్క. అభిప్రాయాలు వద్దు. ‘ఈరోజు డల్‌గా ఉన్నారు’ అన్నది అభిప్రాయం. ‘మధ్యాహ్నం భోజనానికి మూడుసార్లు పిలిస్తే లేచారు’ అన్నది సమాచారం. ఓపీలో డాక్టరుకు మీతో గడిపే వ్యవధి తక్కువ. ‘‘ఎలా ఉన్నారు?’’ అనగానే రోగి ‘‘బాగానే ఉన్నా’’ అంటారు, మీరు ‘‘ఏం బాగండీ’’ అంటారు, వాదన మొదలవుతుంది. ఆ పుస్తకం బల్ల మీద పెడితే వాదన ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. డిప్రెషన్‌లో మార్పు చాలా నెమ్మదిగా వస్తుంది, రోజూ చూసే కంటికి అది ఆనదు. మూడు వారాల వెనక పేజీ తిప్పితే, అప్పుడు మూడింటికి లేచిన మనిషి ఇప్పుడు నాలుగున్నరకు లేస్తున్నారని తెలుస్తుంది. ఆ గంటన్నర చిన్నది కాదు.

ఇక పొద్దుటి సంగతి. ఈ జబ్బులో చాలామందికి రోజంతటిలో ఘోరమైన సమయం తెల్లవారుజాము. మామూలుకన్నా రెండు గంటలు ముందే మెలకువ వచ్చేస్తుంది. ఇల్లంతా నిద్రపోతుంటే ఆ మనిషి ఒక్కరే చీకట్లో పడుకుని చేసిన తప్పులూ, చేయని తప్పులూ లెక్కపెట్టుకుంటూ ఉంటారు. సాయంత్రానికి కొంత తేలికపడతారు. ఇంట్లోవాళ్లు దీన్ని అపార్థం చేసుకుంటారు. ‘‘సాయంత్రం టీవీ చూసి నవ్వాడుగా, పొద్దున పనికి వెళ్లమంటే మాత్రం జబ్బొస్తుంది’’ అని. అది నటన కాదు, జబ్బు పోకడే అది. కాబట్టి పొద్దున పూట నిర్ణయాలు అడక్కండి, బాకీల మాట ఎత్తకండి, పిల్లల ఫీజుల లెక్క చెప్పకండి. మీకు మెలకువ వస్తే లేచి, కాఫీయో టీయో రెండు గ్లాసుల్లో పోసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. ‘‘ఎందుకు లేచావ్?’’ అన్న ప్రశ్న అక్కర్లేదు. లెక్కలూ అడగవలసినవీ ఉంటే సాయంత్రం ఐదు తర్వాత అడగండి.

స్నానం దగ్గర పెద్ద యుద్ధాలు జరుగుతాయి. ‘‘స్నానం చేస్తారా?’’ అని అడిగితే ‘‘తర్వాత’’ అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే ఆ స్థితిలో స్నానం ఒక పని కాదు, పది పనులు: లేవడం, బట్టలు వెతకడం, నీళ్లు తోడుకోవడం, తల తుడుచుకోవడం. ఆ పదిలో ఎనిమిది మీరు చేసేసి పిలవండి. ‘‘నీళ్లు కాగాయి, తువ్వాలు లోపల పెట్టాను, లేవండి’’ అని. చెయ్యి అందించండి. ఎంపిక ఇవ్వాల్సినచోట రెండే ఇవ్వండి, ‘‘ఉప్మా తింటారా, ఇడ్లీయా?’’ అన్నంతవరకే. ‘‘ఏం తింటారు?’’ అన్న ప్రశ్న వాళ్లకు మోయలేని బరువు. స్నానం ఒకరోజు తప్పితే కొంపలు మునగవు. నోరు శుభ్రం, నీళ్లు, తిండి మాత్రం తప్పకూడదు. కంచం నిండా పెట్టి ముందుంచితే చూడగానే వెగటు పుడుతుంది. రెండు ముద్దల పెరుగన్నం, గంట ఆగి గ్లాసుడు రాగిజావ, మళ్లీ మజ్జిగ, ఇలా కొంచెం కొంచెంగా నడిపించండి. పెద్ద వయసువాళ్లు తిండీ నీళ్లూ పూర్తిగా మానేస్తే, లేదా పలక్కుండా ఉలక్కుండా మంచానికి అతుక్కుపోతే, రేపటి దాకా చూద్దామనుకోవద్దు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి అది.

నడక గురించి అందరూ చెప్తారు కాబట్టి నేనొక్కటే చెప్తాను. ‘‘వాకింగ్‌కు వెళ్లొచ్చుగా’’ అనకండి, చెప్పులు వేసుకుని మీరు గుమ్మం దగ్గర నిలబడండి. వీధి చివరి దాకా వెళ్లి రావడమే మొదటి వారం లక్ష్యం. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. చిన్న పని చేశాకే మనసు కాస్త కదులుతుంది. మానసిక వైద్యులు రోజువారీ పనుల పట్టిక వేయించేది అందుకే. మొక్కకు నీళ్లు పోయడం, ఉల్లిపాయలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఏదైనా సరే, రోజుకొకటి. చేశాక ఆహా ఓహో అని పొగడొద్దు. చిన్నపిల్లాణ్ని చేసినట్టుంటుంది, వాళ్లకది తెలుస్తుంది కూడా.

మాటల దగ్గరకొస్తే, మన ఇళ్లలో సలహాకు కొరత లేదు. ‘‘ధైర్యంగా ఉండు’’, ‘‘నీకేం తక్కువ?’’, ‘‘అన్నీ నువ్వే ఊహించుకుంటున్నావ్’’. పలకరించడానికి వచ్చిన ప్రతి బంధువూ ఒకటి పడేసి పోతాడు. వీటన్నిటిలోకీ చెడ్డది ‘‘పిల్లల మొహం చూసైనా లేవాలి కదా’’ అన్నది. తనవల్ల ఇంట్లో అందరికీ భారమని ఆ మనిషి అప్పటికే నమ్ముతూ ఉంటారు. మీరు పిల్లల్ని చూపించగానే ఆ నమ్మకానికి సాక్ష్యం దొరికినట్టవుతుంది. దానికి బదులు చూసింది చూసినట్టు చెప్పండి. ‘‘రాత్రి సరిగా పడుకోలేదు, కళ్లు లాగుతున్నాయేమో’’ అంటే చాలు. తర్వాత ఊరుకోండి. ఊరుకోవడం మనవాళ్లకు చాలా కష్టం, అది నేర్చుకోవాల్సిన విద్య.

అమెరికాకు చెందిన హిల్డెగార్డ్ పెప్లౌ అనే నర్సు 1952లో రాసిన పుస్తకంలో, రోగికీ నర్సుకూ మధ్య ఏర్పడే సంబంధమే నర్సింగ్‌కు మూలమని వాదించింది. మానసిక రోగుల నర్సింగ్ చదివే పిల్లలకు ఆమె పేరు తప్పకుండా వస్తుంది. ఆ సంబంధం కట్టేది ఇలాగే: ‘‘పది నిమిషాలు నీ దగ్గర కూర్చుంటాను’’ అని చెప్పి పది నిమిషాలూ కూర్చోవాలి. ఫోను పక్క గదిలో పెట్టి రావాలి. మాట్లాడకపోయినా ఫరవాలేదు. లేచేటప్పుడు ‘‘మళ్లీ నాలుగింటికి వస్తా’’ అంటే నాలుగింటికి రావాలి. నాలుగుంపావుకు వస్తే, తనను ఎవరూ పట్టించుకోరన్న నమ్మకం ఇంకొంచెం గట్టిపడుతుంది. మాట నిలబెట్టుకోలేమనుకుంటే టైము చెప్పకపోవడమే నయం.

జబ్బు ముదిరినప్పుడు కొందరు ‘‘నావల్లే ఇల్లు నాశనమైంది, నాకు శిక్ష పడాలి’’ అంటారు. వాదించి గెలవలేరు, ఒప్పుకోనూ కూడదు. ‘‘నీకలా అనిపిస్తోంది. నాకు మాత్రం అలా లేదు’’ అని ఒకసారి చెప్పి, మాట మంచినీళ్ల మీదికో భోజనం మీదికో తిప్పండి. పొలం అమ్మేస్తానన్నా, ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నా ‘‘తగ్గాక ఆలోచిద్దాం’’ అని వాయిదా వేయించండి. సంతకాలు అసలే వద్దు.

ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మాత్రలు ఈ రోజుల్లో ఎక్కువగా రాస్తారు. వీటిలో చిక్కేమిటంటే ఇబ్బందులు ముందొస్తాయి, మేలు తర్వాతొస్తుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి, కొందరికి ఎక్కడలేని కంగారు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. ఐదో రోజున ‘‘ఈ మందు పడలేదు’’ అని మానేసేవాళ్లు ఇక్కడే చాలామంది. తిన్నాక వేయించండి, కంగారు ఎక్కువైతే డాక్టరుకు ఫోను చేయండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. ‘అలవాటైపోతాయట’ అన్న భయం ఒకటుంది. ఈ మాత్రలు మత్తు మందుల్లా అలవాటు కావు. అయితే ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉంటాయి కాబట్టి డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. నిజంగా అలవాటయ్యేవి కొన్ని నిద్రమాత్రలు. వాటిని మాత్రం రాసినన్ని రోజులకు మించి, పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనొద్దు. చిత్రం ఏమిటంటే మనవాళ్లు అసలు మందుకు భయపడి, నిద్రమాత్రను ఇష్టంగా వేసుకుంటారు.

ఇంకో రెండు మూడు జాగ్రత్తలు. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి అడిగి కొనుక్కునే అలవాటు మన దగ్గర ఉంది. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది, డాక్టరుకు చెప్పాలి. పెద్దవాళ్లలో మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంట్లో సోడియం పడిపోవచ్చు. మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, తూలితే, జబ్బు పెరిగిందనుకోకుండా రక్తపరీక్ష చేయించండి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం మందులు వేసుకునేవాళ్లకు నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. కాసేపు మంచం మీద కూర్చుని, ఆ తర్వాత నిలబడమనాలి. లిథియం వాడేవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా ఆ రోజే ఆసుపత్రికి. మందు మాత్రం ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, ఒక్కో పూటదే చేతికివ్వాలి. నెలరోజుల మాత్రలు రోగి తలగడ పక్కన ఉండకూడదు. మింగేదాకా అక్కడే ఉండండి. నేరం చేసినవాణ్ని చూసినట్టు చూడొద్దు, నీళ్ల గ్లాసు చేతికిచ్చి నాలుగు మాటలు మాట్లాడుతూ ఉంటే సరిపోతుంది.

గుడికి వెళ్తానంటే తీసుకెళ్లండి, దర్గాకు వెళ్తానన్నా అంతే. తాయెత్తు కట్టించుకున్నా నాకు అభ్యంతరం లేదు. మాత్ర ఆపమని చెప్పే స్వామి దగ్గరకు మాత్రం రెండోసారి వెళ్లొద్దు.

తీవ్రమైన డిప్రెషన్‌కు ఒక్కోసారి ఇసిటి అవసరమంటారు. ‘కరెంటు పెడతారట’ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. సినిమాల్లో చూసింది మర్చిపోండి. మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చాకే చేస్తారు. అవి లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. డాక్టరు చెప్పిన గంట నుంచి ఆహారం, నీళ్లు ఇవ్వకుండా చూడటం, కట్టుడు పళ్లు తీయించడం, లేచాక కాసేపు అయోమయంగా ఉంటే ‘‘ఇది ఆసుపత్రి, నేను పక్కనే ఉన్నా’’ అని మళ్లీమళ్లీ చెప్పడం, మీరు చేయాల్సింది ఇదే. దగ్గరి సంగతులు కొన్ని మర్చిపోవచ్చు, గుర్తు చేయాలని పరీక్షలు పెట్టకండి.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన మాట. వైద్యం మొదలయ్యాక మనిషి కాస్త కోలుకుంటున్నట్టు కనబడే రోజుల్లో ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని కాపలా సడలిస్తారు. ఆత్మహత్య ప్రమాదం అప్పుడు కూడా ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువగా ఉంటుంది. కొందరిలో ఒంట్లోకి ఓపిక ముందొస్తుంది, దిగులు తర్వాత తగ్గుతుంది. మంచం దిగలేని రోజుల్లో ఆలోచనగానే ఉన్నది ఇప్పుడు చేయగలిగే శక్తిలోకి వస్తుంది. 25 ఏళ్లలోపు వాళ్లలో మందు మొదలుపెట్టిన, మోతాదు మార్చిన తొలి వారాల్లో మరీ జాగ్రత్తగా గమనించమని చెప్పేది కూడా ఇందుకే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి కొద్దివారాలూ అంతే. నిన్నటిదాకా కుమిలిపోయిన మనిషి కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, బాకీలు తీర్చి కాగితాలు సర్దడం, దూరంగా ఉన్నవాళ్లకు ఫోను చేసి క్షమించమనడం, ఇవి చూస్తే సంతోషించకండి.

అడగండి. నేరుగా, పేరు పెట్టి. ‘‘ఏమండీ, బతకడం ఎందుకనిపిస్తోందా? చచ్చిపోదామన్న ఆలోచన వస్తోందా?’’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం. అలా జరగదని మానసిక వైద్యులు పదేపదే చెప్తున్నారు. అడిగాక చాలామంది ముఖంలో ఒక రకమైన తేలిక కనబడుతుంది, ఇన్నాళ్లూ ఒంటరిగా మోసింది ఇంకొకరికి తెలిసిందని. ఔనంటే ఉలిక్కిపడొద్దు, ఒట్లు పెట్టించుకోవద్దు, ‘‘ఛీ, అలాంటి మాటలేంటి’’ అని నోరు మూయించొద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు. ఎలాగో కూడా అనుకున్నారా అని అడిగి, ఔనంటే ఆ క్షణం నుంచి ఒక్కర్నే వదలకుండా ఉండి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా 14416కు ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పల్లెల్లో పురుగుల మందు ఇంట్లో ఉండటం మామూలు విషయం. వెంటనే బయటికి పంపేయండి, నమ్మకమైన పొరుగువాళ్ల దగ్గర తాళంలో పెట్టించండి. ఒకటి దొరక్కపోతే ఇంకొకటి వెతుక్కుంటారుగా అంటారు కొందరు. అది నిజం కాదు. ఆ తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో మరీ విషపూరితమైన పురుగుమందులను 1990లలో వరసగా నిషేధించాక అక్కడి ఆత్మహత్యల రేటు పదేళ్లలో సగానికి పడిపోయింది. ఒకవేళ ప్రయత్నం జరిగితే పోలీసు కేసవుతుందని దాచి, నాటువైద్యంతో గంటలు పోగొట్టుకోకండి. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షనే లేదు.

ఈ పనంతా ఒక్క మనిషి మీద పడటం మన ఇళ్లలో ఆనవాయితీ, ఆ మనిషి ఆడమనిషి కావడం కూడా. వార్డులో నర్సుకు డ్యూటీ దిగే టైముంటుంది, ఇంట్లో ఉండదు. అందుకని వంతులు కాగితం మీద రాసి గోడకు అంటించండి. రాత్రి కాపలా ఒకరిది, పొద్దుటి మందు ఇంకొకరిది, ఆసుపత్రికి తీసుకెళ్లడం మరొకరిది. వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ములు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా నెలకోసారి శని, ఆదివారాలు వచ్చి కూర్చోవచ్చు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో సలహాలివ్వడం కన్నా రోజూ ఒకే టైముకు పది నిమిషాలు అమ్మతో మామూలు కబుర్లు చెప్తే మేలు. మీకే నిద్ర పట్టకుండా, ఆకలి లేకుండా రెండు వారాలు గడిస్తే, రోగితో పాటు మీ పేరు మీదా ఓపీ చీటీ రాయించుకోండి.

తగ్గిపోయింది అనుకున్నాక కూడా మందు కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగుతుంది, ఇదివరకు వచ్చి తగ్గినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. ఉద్యోగానికి పంపడం తొందరపడి చేయకండి, వీలైతే మొదట సగం రోజులు. జబ్బు తిరగబెట్టే ముందు ప్రతి మనిషిలోనూ ఒక సొంత గుర్తు ఉంటుంది. ఒకరు పేపరు చదవడం మానేస్తారు, ఒకావిడ తల దువ్వుకోవడం మానేస్తుంది, ఇంకొకరు ఫోనెత్తరు. మీ ఇంట్లో అదేమిటో రోగినే అడిగి, బాగున్న రోజుల్లోనే ఇద్దరూ కలిసి రాసుకోండి. అది కనబడి వారం దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ వారమే వెళ్లండి.